అమూర్త బీజగణితం: శిక్షణా? మెరిటా?

'అమూర్త బీజగణితం అందరికీ ఎక్కదు, దానికి పుట్టుకతోనే బుర్ర ఉండాలి' అనే మాట గణితశాఖల్లో మామూలుగా వినబడుతుంది. దళిత విద్యార్థి ఫెయిలైతే ఆ మాటే తీర్పవుతుంది. పుట్టుకతో వచ్చే కులాన్ని బుర్రగా చూపడం మెరిట్ వాదానికి అలవాటే. ఈ వాదాన్ని మేము ఆ శాస్త్ర చరిత్రతోనే ఎదుర్కోదలచుకున్నాం.

ఈ బీజగణితానికి నేటి రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యురాలు ఎమ్మీ నోథర్. 1915లో గొట్టింగెన్ వచ్చిన ఆమెకు స్త్రీ అయినందువల్ల 1919 దాకా అధ్యాపక అర్హత ఇవ్వలేదు. అప్పటిదాకా హిల్బర్ట్ పేరు మీద పాఠాలు చెప్పింది. యూదు అని 1933లో నాజీలు ఉద్యోగం తీసేశారు. ఈ మధ్యకాలంలోనే శిష్యులతో నడుస్తూ, మాట్లాడుతూ, వాదిస్తూ ఒక తరాన్ని తయారుచేసింది. వాన్ డెర్ వార్డెన్ 'మోడర్న్ ఆల్జీబ్రా' (1930-31) ఆమె పాఠాల నుంచీ, ఎమిల్ ఆర్టిన్ పాఠాల నుంచీ వచ్చిందే. అంటే ఈ శాస్త్రం ఒంటరి మేధావి తపస్సు కాదు, నలుగురు కూచుని మాట్లాడుకోగా పెరిగింది.

మన దేశంలో ఈ సంగతి గ్రహించినవాళ్లు లేకపోలేదు. ఎస్. కుమరేశన్ 1993లో మొదలుపెట్టిన గణిత శిక్షణ, ప్రతిభాన్వేషణ కార్యక్రమం (ఎం.టి.టి.ఎస్.) ఉపన్యాసం కన్నా ప్రశ్నకే పెద్దపీట వేసింది. డిగ్రీ పరీక్షకు లెగ్రాంజ్ సిద్ధాంతం బట్టీ పడితే చాలు: పరిమిత గ్రూపులో ఏ ఉపగ్రూపు మూలకాల సంఖ్య అయినా మొత్తం సంఖ్యను భాగిస్తుంది. మంచి శిక్షణ అక్కడ ఆగదు. 'భాగించే ప్రతి సంఖ్యకూ ఒక ఉపగ్రూపు ఉంటుందా?' అని అడుగుతుంది. నాలుగు వస్తువుల సరి ప్రస్తారాలు 12. వాటిలో 6 మూలకాల ఉపగ్రూపు లేదు. దీన్ని తన చేత్తో లెక్కవేసి చూసుకున్న విద్యార్థికి అమూర్తమంటే భయం పోతుంది. కావలసింది పుట్టుబుర్ర కాదు. తీరిక, ఉదాహరణలు, అడిగితే చిన్నబుచ్చని గురువు.

మరి పేచీ ఎక్కడ? పై పేరులోనే 'శిక్షణ' ఉంది, 'ప్రతిభాన్వేషణ' కూడా ఉంది. మా పేచీ రెండోదానితో. ఇలాంటి శిక్షణలకు మార్కులు, అధ్యాపకుడి సిఫారసు లేఖ అడగడం రివాజు. పల్లె నుంచి వచ్చి ప్రభుత్వ కాలేజీలో తెలుగు మీడియం చదివిన మాదిగ పిల్లకు ఆ లేఖ రాసిపెట్టే పరిచయం ఎక్కడిది? సమూహం, వలయం అని నేర్చుకున్న పిల్ల గ్రూపు, రింగు అనే మాటల దగ్గర తడబడితే, అది బీజగణితం రాకపోవడమా? పిహెచ్.డి.లో చేరాక కూడా ఇదే కథ. సెమినార్లో నోరు విప్పని వాడికి విషయం తెలియదని రాసేసుకుంటారు. శిక్షణ ఇవ్వవలసిన దాన్నే ముందుగా తెచ్చుకొమ్మంటున్నారు. లోపలి బోధన మెరిట్‌ను కాదంటుంది, గుమ్మం దాన్నే మళ్లీ నిలబెడుతుంది.

అందుకే మేమనేది: సీటు ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. శిక్షణే జిల్లా కాలేజీకి రావాలి. తెలుగులో ప్రశ్న అడగనివ్వాలి. లేఖ చూసి కాక, వారం రోజులు కలిసి లెక్కలు చేయించి ఎంచుకోవాలి. ఏ సామాజిక వర్గం నుంచి ఎందరిని తీసుకున్నారో ఏటా లెక్క బయటపెట్టాలి. అప్పుడు గాని ఈ బీజగణితం ఎవరికి ఎక్కుతుందో, ఎవరికి ఎక్కదో తేలదు.