పద్యం గొంతెత్తిన తెనాలి

తెనాలి స్టేషన్ నుంచి ఒక రైలుమార్గం బాపట్లకు, ఇంకొకటి రేపల్లెకు వెళ్తుంది. మైకు రాకముందే ఈ డెల్టా ఊళ్లు రాత్రంతా మేలుకుని పద్యనాటకం విన్నాయి. ధార్వాడ, పార్సీ నాటక కంపెనీల బాణీలు, హార్మోనియం తోడై తెలుగు పద్యం కొత్త గొంతు తెచ్చుకున్న కాలమది. ఆ గొంతుకు ఒక ఇల్లు తెనాలి శ్రీరామ విలాస సభ అనే నాటక సమాజం.

ఆ సభకు పేరు తెచ్చిన స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో ఆ ఊళ్లోనే హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోతే, ఆ వేషం తాను కట్టి రంగస్థలం ఎక్కారు. తర్వాత సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి ఆయన పాత్రలయ్యాయి. 1956లో పద్మశ్రీ వరించింది.

పద్యం పాడటానికి ఒక పద్ధతుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. చంపకమాలకు 21, యతి పదకొండో చోట. నటుడు యతి దగ్గరే ఆగితే మాట విరిగిపోతుంది. అర్థం పూర్తయిన చోట ఊపిరి తీసుకోవాలి. తాళం కట్టరు, గణాల నడకే లయ. హార్మోనియం శ్రుతి ఇచ్చాక మొదటి పాదాలు మాట తెలిసేలా ఎత్తుకుంటారు. స్థాయి క్రమంగా పెంచి, చివరి అక్షరం మీద రాగం తీస్తారు. హార్మోనిస్టు ఆ సంగతులను వెన్నంటి పట్టుకుని, నటుడు ఊపిరి పీల్చే ఖాళీని నింపుతాడు. బాగుంటే జనం 'వన్స్ మోర్' అంటారు, పద్యం మళ్లీ మొదలవుతుంది.

రాగం ఎంత గొప్పదైనా మాటకు లోబడే ఉండాలి. స్థానం దగ్గర నేర్చుకోవలసింది అదే. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ పాట ఆయన స్వయంగా రాసుకున్నదే. అందులో ఒకే మాటను ఒకసారి గర్వంతో, ఒకసారి వలపుతో, ఒకసారి అలకతో పలికేవారు. ప్రతిసారీ సత్యభామ మనసులో ఇంకో మూల కనిపించేది. తెనాలికి దగ్గరి సుద్దపల్లిలో పుట్టిన ఇంకో నటుడు కళ్యాణం రఘురామయ్య వేలు మడిచి నోట పెట్టుకుని ఈలతోనే రాగం పలికించి, 'ఈలపాట' ఇంటిపేరుగా మారిపోయేంత ప్రేమ సంపాదించారు.

అక్షరం రాని రైతుకూలీకి కూడా రాయబారం పద్యాలు కంఠతా రావడం ఈ కళ చేసిన మేలు. కఠినమైన ఛందస్సును, గ్రాంథికమైన మాటను గొంతు ద్వారా అందరి సొత్తు చేసింది. ఇప్పుడు బళ్లో పద్యం మార్కుల కోసం అప్పజెప్పే పాఠంగా మిగిలింది. అక్కడ ఒక హార్మోనియం పెట్టి, పద్యం పాడగలిగిన పెద్దలను పిలిపించి పిల్లలకు పాడి వినిపించాలి. పోటీల్లో న్యాయనిర్ణేతలు కూడా రాగం ఎంతసేపు సాగిందో లెక్కపెట్టకుండా, పద్యం మనసుకు అందిందా అని చూడాలి. అప్పుడే ఈ విద్య తర్వాతి తరానికి బతికున్న గొంతుగా చేరుతుంది.