బడే మియా మనవాడే

ముందుమాట రాసేవాడు తన అర్హతేమిటో మొదట చెప్పుకోవాలి. నాకున్న అర్హత ఒక్కటే. ఈ పుస్తకం రాసినవాడు హైస్కూల్లో నా దగ్గర ఫుట్‌బాల్ ఆడాడు. పేరు అట్టమీద ఉంది కాబట్టి నేను మళ్ళీ చెప్పను. ఇన్నేళ్ళూ "ఒరే" అని పిలిచినవాణ్ణి ఇప్పుడు "రచయితగారు" అనడానికి నోరు తిరగడం లేదు. చదివేవాళ్ళు మన్నించాలి.

మంగంపేటలో ఫుట్‌బాలేమిటని నవ్వేవాళ్ళున్నారు. మా ఊరి పేరు చెప్తే ఎవరికైనా గుర్తొచ్చేది ముగ్గురాయి. ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి మా కాళ్ళ కింద ఉంది. చమురు బావులు తవ్వేచోట బురదకు బరువు రావడానికి మా రాతి పొడి కలుపుతారు. అందుకే అది ఓడలెక్కి దేశాలు పోతుంది. మా గ్రౌండులో గీతలు వేయడానికి మేమెప్పుడూ సున్నం కొనలేదు. పిల్లలు పొడి మిల్లు దగ్గరికి పోయి బక్కెట్లతో తెచ్చేవాళ్ళు. సున్నం అనుకుని కొత్తగా చేరినవాడు ఒంటిచేత్తో ఎత్తబోయి చతికిలబడేవాడు. నీళ్ళకు నాలుగింతలకు మించి తూగే రాయి మరి. ఆట సగానికొచ్చేసరికి గీతలు గాల్లో కలిసి పిల్లల కనుబొమ్మల మీద ఉండేవి. కార్నర్ ఎక్కడో, పెనాల్టీ ఎక్కడో నా విజిలే చెప్పాలి.

ఆ దుమ్ములో వీడు మధ్యలో ఆడేవాడు. గోల్ కొట్టే సరదా అందరికీ ఉంటుంది కాబట్టి ముందు వరసకు పిల్లలు తోసుకొస్తారు. లావుపాటి వాళ్ళను వెనక నిలబెడతాం. మిడ్‌ఫీల్డ్‌కు మటుకు ఎవడూ అడిగి రాడు. పరుగు ఎక్కువ, పేరు తక్కువ. వెనకవాడు కష్టపడి గుంజుకున్న బంతిని ముందువాడికి పనికొచ్చే చోటికి చేర్చాలి. అదీ బంతి కాలికి తగలకముందే చోటు చూసి పెట్టుకుని. ఈ బుర్ర పని వీడికి ఇష్టం. పుస్తకం కూడా అలాగే రాశాడు. ఎవరెవరి దగ్గరో ఉన్న సంగతులు తీసుకొచ్చి మనకు అందించాడు.

చదువయ్యాక మా కోడూరు, రాజంపేట, రాయచోటి పక్క కుర్రాళ్ళందరి మాదిరే వీడూ కువైట్ పోయాడు. అక్కడ డ్రైవర్ ఉద్యోగం. రాత్రిపూట రూములో అందరూ టీవీలో ఇంగ్లీషు వాళ్ళ ఫుట్‌బాల్ చూసేవాళ్ళట. ఒకనాడు పక్కరూములోని కలకత్తా పెద్దాయన "మీదే ఊరు?" అని అడిగితే "ఆంధ్రా" అన్నాడు వీడు. "అయితే హబీబ్ మీ వాడే" అన్నాడాయన. హబీబ్ ఎవరో వీడికి తెలియదు. ఆయన ఎగాదిగా చూసి, టీవీ కట్టేసి, హబీబ్ గురించి చెప్పడం మొదలుపెట్టాడట. హైదరాబాదు ఆటగాడి గొప్పతనం కడప జిల్లా కుర్రాడికి తెలియడానికి కువైట్‌లో ఒక బెంగాలీ కావలసి వచ్చింది. ఈ పుస్తకం పుట్టింది ఆ సిగ్గులోంచేనని వాడే నాతో అన్నాడు. మంచి సిగ్గు.

మహమ్మద్ హబీబ్ 1949 జూలై 17న హైదరాబాదులో పుట్టాడు. అన్నదమ్ములందరిదీ ఫుట్‌బాలే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ ఫైనల్లో బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ తెచ్చుకున్న జట్టులో హబీబ్ ఉన్నాడు. ఓడిపోయినవాళ్ళు ఊరుకోలేదు. ఆ ఏడే ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అతన్ని కలకత్తా తీసుకుపోయింది. అప్పటికి పదిహేడేళ్ళవాడు. 1984 దాకా ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. ఒక క్లబ్బు వదిలి ఎదుటి క్లబ్బులో చేరితే ఇళ్ళ మీద రాళ్ళు పడే ఊరది. అక్కడ మూడు క్లబ్బులవాళ్ళూ "బడే మియా" అని పిలిచి గౌరవించారంటే మనిషి ఎలాంటివాడో అర్థమవుతుంది. ఆ రోజుల్లో ఆటగాళ్ళు బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగం చూసుకుని, సాయంత్రం పూట ఆడేవాళ్ళు. హబీబ్ ఉద్యోగం వద్దన్నాడు. ఆటే తన ఉద్యోగమన్నాడు. మన దేశపు తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని ఆయన్ని ఇప్పటికీ చెప్పుకునేది అందుకే.

ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చిన చోటు 1976 జూలై 24 నాటి ఆట. మోహన్ బగాన్‌కూ ఈస్ట్ బెంగాల్‌కూ లీగ్ మ్యాచ్. విజిల్ మోగింది. బంతి మోహన్ బగాన్ ఆటగాడు ఉలగనాథన్‌కు అందింది. అతను పక్కగీత వెంబడి పరుగెత్తి బంతిని గోల్ ముందుకు ఎత్తాడు. హబీబ్ ఎగిరాడు. తనే తలతో గోల్‌కు కొట్టొచ్చు. కొట్టలేదు. కిందికి దించి పెట్టాడు. అక్కడ తమ్ముడు అక్బర్ ఉన్నాడు. 17 సెకన్లలో గోల్. ఆట అక్కడితోనే తేలిపోయింది, ఆఖరి స్కోరు 1-0. గోల్ అక్బర్ పేరు మీద రాశారు. రాయాల్సిందే. కానీ అన్న తల దించి పెట్టిన బంతిని మావాడు రెండు పేజీలు ఆగి చూపించాడు. మిడ్‌ఫీల్డ్‌లో ఆడినవాడు రాస్తే ఇలాగే ఉంటుంది.

ఆ మరుసటి ఏడు పీలే కలకత్తా వచ్చాడు. 1977 సెప్టెంబర్ 24, ఈడెన్ గార్డెన్స్, వానకు తడిసి బురదైన నేల. న్యూయార్క్ కాస్మాస్ మీద మోహన్ బగాన్. కార్లోస్ అల్బెర్టో కాస్మాస్‌కు గోల్ కొడితే శ్యామ్ థాపా సమం చేశాడు. తర్వాత హబీబ్ కొట్టిన గోల్‌తో మోహన్ బగాన్ ముందుకు వెళ్ళింది. చివరికి పెనాల్టీతో 2-2. పీలే ఆఖరి ఆట ఆడింది దీనికి వారం తర్వాత, అక్టోబర్ 1న. అంటే పీలే ఆటకు సెలవు చెప్పడానికి వారం ముందు మన హైదరాబాదువాడు ఆయన జట్టు మీద గోల్ వేశాడు. ఈ ఒక్క ముక్క మన ఏడో తరగతి పాఠంలో ఉండాలి. లేదు. ఆ సీజన్‌లోనే మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డ్, రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్ మూడూ గెలిచింది.

1970 బాంకాక్ ఏషియాడ్‌లో మనకు కాంస్యం వచ్చింది. దాని కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆయనదీ హైదరాబాదే. హబీబ్ అందులోనూ ఉన్నాడు. 1980లో అర్జున అవార్డు ఇచ్చారు. ఆడటం మానాక జంషెడ్‌పూర్ టాటా ఫుట్‌బాల్ అకాడమీలో, ఆ తర్వాత హల్దియాలో కుర్రాళ్ళకు కోచ్ అయ్యాడు. ఈ భాగాన్ని రచయిత తొందరగా దాటేశాడు. ఆట నేర్పడం కథగా రాయడం కష్టం, ఒప్పుకుంటాను. నేర్పినవాడి గెలుపంతా వేరేవాళ్ళ కాళ్ళలో ఉంటుంది కదా. అయినా ఇంకో పది పేజీలు రాయాల్సింది. రెండో ముద్రణలో రాస్తానని నాకు మాటిచ్చాడు.

పుస్తకం మధ్యలో ఇంగ్లండ్ ఆటగాడు గ్లెన్ హాడిల్ మీద ఒక అధ్యాయం ఉంది. మొదట ఇదెందుకురా అని విసుక్కున్నాను. రెండోసారి చదివితే అర్థమైంది. హాడిల్ కూడా మిడ్‌ఫీల్డరే. టోటెన్‌హామ్‌కు ఆడి 1981, 82ల్లో ఎఫ్ఏ కప్ గెలిచాడు. తర్వాత ఫ్రాన్స్‌లో మొనాకోకు పోయాడు. తిరిగొచ్చి స్విండన్‌లో తనే ఆడుతూ తనే మేనేజర్‌గా ఉన్నాడు. అటుపైన చెల్సీ, ఆపైన ఇంగ్లండ్ జట్టు. 1998 వరల్డ్ కప్‌లో అర్జెంటీనా చేతిలో పెనాల్టీలతో ఓడారు. వికలాంగులు పూర్వజన్మ పాపం అనుభవిస్తున్నారని అర్థం వచ్చే మాటలు ఆయన పేరుతో పేపర్లో అచ్చవడంతో 1999 ఫిబ్రవరిలో ఆ ఉద్యోగం పోయింది. మా రచ్చబండ దగ్గర ఆ మాట రోజుకు పదిసార్లు వినపడుతుంది, ఎవడి ఉద్యోగమూ పోదు. అది వేరే కథ. నోటితో ఉద్యోగం పోగొట్టుకున్న ఆయన మళ్ళీ నోటితోనే నిలబడ్డాడు, టీవీలో ఆటల మీద విశ్లేషణ చెబుతూ.

ఆడటం, ఆడించడం, ఆట గురించి చెప్పడం. అక్కడ ఆటగాడికి మూడు జీవితాలు. కాలు ఆగినా మాట ఆగదు. ఇరవై ఏళ్ళ కింద రిటైరైనవాడు కూడా వారంవారం ఇంట్లోకి వచ్చి, ఫలానా పాసు ఎందుకు తప్పయిందో పిల్లలకు చెబుతాడు. మనవాళ్ళలో మొదటి రెండూ బ్రహ్మాండంగా చేసినవాళ్ళకు లోటు లేదు. రహీం సాబ్ కోచ్‌గా 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెప్పించాడు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానానికి తీసుకుపోయాడు. ఆయన తర్ఫీదిచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ ఎగరేసుకుపోయింది. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం, పైన చెప్పిన నయీం, ఆ తర్వాత షబ్బీర్ అలీ. మూడో జీవితం మాత్రం వీళ్ళకు తెలుగులో దొరకలేదు.

కలకత్తాలో అజయ్ బసు, పుష్పేన్ సర్కార్ రేడియోలో బెంగాలీలో ఆట చెప్తుంటే వీధులు ఆగి వినేవి. అక్కడి పత్రికలు హబీబ్ తిన్నదీ పడుకున్నదీ కూడా రాశాయి. అందుకే కువైట్ రూములో ఆ పెద్దాయనకు అంతా నోటికొచ్చు. తెలుగులో ఫుట్‌బాల్ కామెంటరీ నా చిన్నప్పుడు నేను వినలేదు. హైదరాబాదు ఫుట్‌బాల్ ఉర్దూలో బతికింది, ఉర్దూ ఇళ్ళల్లో, ఉర్దూ పేపర్లలో. అది వాళ్ళ ఆట అని తెలుగు పత్రికలవాళ్ళం, మాస్టర్లం, కథకులం పక్కకు జరిగాం. నిజానికి జనాన్ని నిందించడానికి లేదు, చెప్పేవాడు లేనిదే వినేవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు? కడపలో, కర్నూలులో ఉర్దూ మాట్లాడే వీధులు లేవా? ఆ గుమ్మం దాటి లోపలికి పోయి అడగడానికి మనకు బద్ధకం. ఈ కుర్రాడు దాటాడు. పాతబస్తీలో ఒక్కో ఇంటి తలుపు తట్టి, వచ్చీరాని ఉర్దూలో అడిగి రాసుకొచ్చాడు.

2023లో ఫిబ్రవరి 16న బలరాం, ఆగస్టు 15న హబీబ్ పోయారు. చివరి ఏళ్ళలో హబీబ్‌కు మతిమరుపు జబ్బు. ఆయన పోయిన వార్త మా ఇంటికొచ్చే పేపర్లో లోపలి పేజీలో అరచేతిలో పట్టేంత వచ్చింది. మావాడు ఆ ముక్క కత్తిరించి పెట్టుకున్నాడు. ఈ పుస్తకంలో అది ఫొటోగా వేశాడు, కింద ఒక్క మాటా రాయకుండా. అలా వదిలేయడం నాకు నచ్చింది.

తప్పులు లేవా అంటే ఉన్నాయి. బెంగాలీ పేర్లు కొన్ని ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో ఇంకోలా ఉన్నాయి. స్కోర్ల పట్టికలు కొంచెం తగ్గిస్తే బాగుండేది. పొగడ్త వచ్చినప్పుడల్లా వాక్యం సాగిపోతుంది. మైదానంలోనూ వీడికి ఈ అలవాటుండేది. ఒక్క టచ్‌తో పోయేచోట రెండు టచ్‌లు పెట్టేవాడు. చెప్పాను. దిద్దుకుంటాడు.

ఊళ్ళలో పి.ఇ.టి. పని చేస్తున్న నా తోటి మాస్టర్లకు ఒక విన్నపం. ఈ పుస్తకం లైబ్రరీ బీరువాలో పెట్టి తాళం వేయకండి. వానొచ్చి గ్రౌండులోకి దిగలేని పీరియడ్లు ఉంటాయి గదా, అప్పుడు తీసి 1976 నాటి ఆ 17 సెకన్లు పైకి చదివి వినిపించండి. మీ ఊళ్ళో హైదరాబాదు ఆటలు చూసిన ముసలివాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు చెప్పింది రాసి రచయితకు పంపండి. రెండో ముద్రణకు వాడు ఎదురుచూస్తున్నాడు.

మంగంపేట
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు