నగర విద్యుత్తు - పౌరుల సలహా సంఘము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సుమారు రెండువేల ప్రజా విద్యుత్సంస్థలు ఉన్నవి. వీటిలో ఎక్కువ భాగము పట్టణముల స్వంతము. మన మునిసిపాలిటీలు మంచినీటి సరఫరాను నడిపినట్లే అచ్చటి పురపాలక సంఘములు కరెంటును నడుపుతున్నవి. కొన్ని నగరములలో పాలకవర్గమునకు సలహా చెప్పుటకు వినియోగదారులైన పౌరులతో ఒక సంఘమును నియమిస్తారు. సభ్యులు స్వచ్ఛందముగా పనిచేసేవారు. నిర్ణయాధికారము వారికి లేదు.

ఇట్టి సంఘము వలన ప్రయోజనమేమి? ఇంజనీర్లు తేల్చవలసిన విషయములో పౌరులకేమి తెలుసునని కొందరు అంటారు. సొమ్ము ప్రజలది గనుక చివరి మాట కూడా ప్రజలదేనని మరికొందరు అంటారు. ఈ రెండు వాదములూ అసలు విషయమును తప్పించుకుపోతున్నవని నా అభిప్రాయము. ఎందుకో తెలియుటకు ఫ్లారిడా రాష్ట్రములోని గేన్స్‌విల్ నగరపు అనుభవము చక్కగా ఉపయోగిస్తుంది. అది ఒక పెద్ద విశ్వవిద్యాలయమున్న ఊరు. 2020 జనాభా లెక్కల ప్రకారము లక్షా నలభై వేల పైచిలుకు జనము. ఊరి విద్యుత్తు, నీరు, సహజ వాయువు అన్నీ నగరపు సంస్థ ద్వారానే అందుతాయి.

2003 ప్రాంతములో ఈ సంస్థ సుమారు 220 మెగావాట్ల బొగ్గు కేంద్రమును కొత్తగా కట్టవలెనని ప్రతిపాదించినది. ఊరిలో చర్చ లేచినది. అంత విద్యుత్తు నిజముగా కావలెనా, వాడకమును తగ్గించి ఆ ఖర్చును తప్పించుకొనరాదా అని పౌరులు అడిగారు. చివరకు బొగ్గు కేంద్రము రాలేదు. అంతకన్న ముఖ్యమైన ఫలితము మరొకటి వచ్చినది. విద్యుత్తు పొదుపు పథకము మంచిదా కాదా అని నిర్ణయించే కొలబద్దనే నగరము 2006లో మార్చుకొన్నది. పాత కొలబద్ద "యూనిట్టు ధర పెరుగుతుందా?" అని అడిగేది. కొత్తది "అందరి ఖర్చూ కలిపి చూస్తే తగ్గుతుందా?" అని అడిగినది.

ఈ రెండు ప్రశ్నలకూ సమాధానము ఒకటే కాదా అని పాఠకులకు తోచవచ్చు. చిన్న లెక్క వేసి చూద్దాము. ఒక ఊరిలో నూరు ఇండ్లు. ఒక్కొక్క ఇల్లు నెలకు నూరు యూనిట్లు వాడుతుంది. కేంద్రము అప్పు, జీతాలు మొదలైన స్థిర వ్యయము 20,000 రూపాయలు. ఇంధనము యూనిట్టుకు 3 రూపాయలు. మొత్తము 50,000, అనగా యూనిట్టు ధర 5 రూపాయలు. ఇప్పుడు కొన్ని ఇండ్లలో మంచి దీపములు, పంకాలు అమర్చి వాడకమును 8,000 యూనిట్లకు దించారనుకొందాము. ఇంధనము 24,000, స్థిర వ్యయము 20,000, కొత్త పరికరముల నెల ఖర్చు 2,000, మొత్తము 46,000. ఊరికి నాలుగు వేలు మిగిలినవి. కాని యూనిట్టు ధర 5 రూపాయల 75 పైసలయినది! పాత కొలబద్ద ఈ పథకమును కొట్టివేస్తుంది, కొత్తది ఆమోదిస్తుంది.

నేను తరగతిలో ఈ లెక్క వేయించినప్పుడు ఒక విద్యార్థిని లేచి, "మరి దీపాలు మార్చుకోని ఇంటికి 575 రూపాయల బిల్లు వస్తుంది కదండీ, అది ఎవరి తప్పు?" అని అడిగినది. పౌరుల సంఘము పని ఎక్కడ మొదలగునో ఆ పిల్ల చూపించినది. 46,000 అన్నది ఇంజనీరు చెప్పగలడు. అద్దె ఇంటిలో ఉంటూ పంకా మార్చే వీలులేనివానిపై ఆ 75 రూపాయలు వేయుట న్యాయమా కాదా అన్నది ఏ పరికరమూ కొలవలేదు. విద్యార్థులూ అద్దెకుండే పేదలూ ఎక్కువగా ఉన్న గేన్స్‌విల్‌లో ఇది చిన్న విషయము కాదు.

అంతవరకు పౌరుల ప్రశ్నలు చక్కగా పనిచేసినవి. తరువాత జరిగినదే విచారింపదగినది.

బొగ్గునకు బదులుగా అడవి నరుకుడులో మిగిలే కొమ్మలు, రెమ్మలు, కలప వ్యర్థములు కాల్చి సుమారు 100 మెగావాట్లు ఇచ్చే కేంద్రమును ఒక ప్రైవేటు కంపెనీ కట్టుటకు, దాని విద్యుత్తును నగరము 30 సంవత్సరములు కొనుటకు 2009లో ఒప్పందము కుదిరినది. ఒప్పందములో ధరలకు సంబంధించిన భాగములు వ్యాపార రహస్యమని మొదట ప్రజలకు చూపలేదు. సంతకము చేసినవారు మూర్ఖులని అనరాదు. 2008లో అమెరికాలో సహజ వాయువు టోకు ధర సగటున పది లక్షల బ్రిటిష్ ఉష్ణ మాత్రకలకు 9 డాలర్లకు దగ్గరగా ఉండెను. బొగ్గుపులుసు వాయువుపై కేంద్ర ప్రభుత్వము పరిమితి విధిస్తుందన్న నమ్మకమూ బలముగా ఉండెను. కాని 2009లో దిగువ సభ ఆమోదించిన ఆ బిల్లు సెనేటులో నెగ్గలేదు. రాతిపొరల నుంచి వాయువును తీసే కొత్త పద్ధతి వ్యాపించి, 2012 నాటికి ధర 3 డాలర్లకు లోపల పడినది. విద్యుత్తు వాడకము కూడా అనుకొన్నట్లు పెరగలేదు.

కట్టెల కేంద్రము 2013 చివర పని ప్రారంభించినది. 2015 ఆగస్టులో దానిని ఆపి, అవసరమైతే నడిపేందుకు సిద్ధముగా మాత్రము ఉంచారు. వేరే విద్యుత్తు చౌక కావడమే కారణము. అయితే ఒప్పందము ప్రకారము కేంద్రము నడిచినా నడవకపోయినా సిద్ధముగా ఉన్నందుకు సొమ్ము చెల్లించవలసినదే. ఏడాదికి సుమారు ఏడు కోట్ల డాలర్లు. 100 మెగావాట్లు ఏడాదికి 8,760 గంటలు నడిస్తే 87 కోట్ల 60 లక్షల యూనిట్లు. అప్పుడు ఈ స్థిర వ్యయము యూనిట్టుకు 8 సెంట్లు. సగము కాలమే నడిస్తే 16 సెంట్లు. అసలు నడవకపోతే భాగించుటకు హారమే లేదు! చివరకు నగరము 2017లో సుమారు 75 కోట్ల డాలర్లకు కేంద్రమునే కొని ఒప్పందమునుంచి బయటపడినది. దానికై చేసిన అప్పు మిగిలినది.

అదే 2009లో అదే నగరము ఇంటి కప్పుపై సౌర విద్యుత్తు తీసేవారికి యూనిట్టుకు 32 సెంట్ల చొప్పున 20 ఏండ్లు ఇస్తామన్నది. ధర చాలా ఎక్కువే. కాని ఏడాదికి 4 మెగావాట్లకు మించరాదని హద్దు పెట్టారు. పొరపాటైతే మరుసటి ఏడు దిద్దుకొనవచ్చు. ఈ జాగ్రత్త పెద్ద ఒప్పందములో లేకపోవుట నాకు ఆశ్చర్యము కలిగిస్తుంది.

"ఈ కేంద్రము సగము కాలము ఆగి ఉంటే మన బిల్లు ఎంత?" అని 2009లో ఎవరైనా అడిగి, జవాబును బహిరంగముగా వ్రాయించి ఉంటే బాగుండేది. అందుకు భూతభవిష్యత్తులు తెలియనక్కరలేదు, భాగహారము తెలిస్తే చాలును. అట్టి ప్రశ్న వేయుటకే ప్రత్యేకించిన విద్యుత్తు సలహా సంఘమును నగర పాలకవర్గము నియమించినది 2015-16లో. అప్పటికి సంతకమై ఆరేండ్లు దాటినది. ఆ సభ్యుల శ్రమను నేను తక్కువ చేయడము లేదు. కాని వారికి అంకెలిచ్చినది సంస్థ ఉద్యోగులే. వారిని నియమించినది పాలకవర్గమే. ఆ పాలకవర్గపు ఖజానాకు ప్రతి ఏటా సంస్థ లాభమునుంచి కొంత సొమ్ము చేరేది. ముగ్గురి మధ్య చిక్కిన సంఘము ఎంత గట్టిగా మాట్లాడగలిగి ఉండేది?

పర్యవసానము మరీ విచిత్రము. అప్పు సుమారు 170 కోట్ల డాలర్లకు చేరినదని ఎత్తిచూపి, రాష్ట్ర శాసనసభ 2023లో ఒక చట్టముచేసి సంస్థను ఎన్నికైన నగర పాలకవర్గము చేతినుంచి తీసి, గవర్నరు నియమించే అయిదుగురికి అప్పగించినది. సలహా వినవలసినవారికే అధికారము పోయినప్పుడు సలహా చెప్పేవారి మాట ఏమి? 2024 నవంబరు ఓటింగులో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా ఓటర్లు సంస్థను తిరిగి నగరమునకే ఇవ్వవలెనన్నారు. ఆ ఓటు చెల్లునా లేదా అన్న వివాదము కోర్టుల కెక్కినది. ఊరి జనము అప్పును చూచి కూడా ఇట్లు ఓటు వేశారంటే, తప్పు చేసినవారిని మార్చగల హక్కును వారు తక్కువ ధర కలదిగా ఎంచలేదని తెలుస్తున్నది. ఈ విషయములో నేను ఓటర్ల పక్షమే. అయితే అధికారము తిరిగి వచ్చినంత మాత్రాన ఆ మరుగుపరచిన ధరల కాగితము వంటిది మళ్ళీ రాదని హామీ లేదు.

మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో విద్యుత్తు పంపిణీ మునిసిపాలిటీల పని కాదు. పంపిణీ కంపెనీలు నడుపుతున్నవి, రేట్లను విద్యుత్తు నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. 2003 విద్యుత్తు చట్టము 87వ విభాగము ప్రకారము మండలికి ఒక రాష్ట్ర సలహా సంఘము ఉండవలెను. 21 మందికి మించని ఆ సంఘములో వ్యవసాయము, పరిశ్రమ, కార్మికులు, వినియోగదారులతోపాటు విద్యా పరిశోధన సంస్థలకు కూడా స్థానమున్నది. రేట్ల ప్రతిపాదనలను ప్రకటించి అభ్యంతరములు స్వీకరించవలెనని అదే చట్టము చెబుతున్నది. మండలి వెలువరించే ఉత్తర్వులలో ఏ కేంద్రమునకు స్థిర వ్యయమెంత, చర వ్యయమెంత అన్న పట్టికలుంటాయి. ఉపాధ్యాయులు అందులో ఒక్క పట్టికను నల్లబల్లపై వ్రాసి, పై లెక్కను పదవ తరగతి పిల్లలచేత మన అంకెలతో చేయించవచ్చును.