పట్టు సడలని ఆట: ద్రోణవల్లి హారిక చదరంగం

భారతదేశంలో గ్రాండ్‌మాస్టర్ హోదా అందుకున్న రెండో మహిళ ద్రోణవల్లి హారిక. మొదటి మహిళ కోనేరు హంపి కూడా తెలుగు గడ్డ మీద పుట్టినామే. హారిక 1991 జనవరి 12న గుంటూరులో పుట్టింది. హైదరాబాద్ కోచ్ ఎన్.వి.ఎస్. రామరాజు దగ్గర ఆటకు పదునుపెట్టుకుని, తర్వాత ఈ నగరంలోనే స్థిరపడింది. ఆమె పేరు చెప్పగానే అభిమానులకు ముందుగా గుర్తొచ్చేవి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గెలిచిన మూడు కాంస్యాలు. అవి ఎలాంటి పోటీలో వచ్చాయో తెలిస్తేనే వాటి విలువ తెలుస్తుంది.

వయసు విభాగాల్లో ఆమె ఎదుగుదల మెట్టు మెట్టుగా సాగింది. 2004లో అండర్-14, 2006లో అండర్-18 బాలికల ప్రపంచ టైటిళ్లు వచ్చాయి. 2008లో తుర్కియేలోని గాజియాన్‌తెప్‌లో ప్రపంచ జూనియర్ బాలికల కిరీటం దక్కింది. ఈలోగా, 13 ఏళ్ల వయసులోనే, 2004లో స్పెయిన్‌లోని కాల్వియా ఒలింపియాడ్‌లో భారత జట్టు తరఫున ఆడింది. 2007 సంవత్సరానికి అర్జున పురస్కారం ఆమెను వరించింది.

గ్రాండ్‌మాస్టర్ హోదా మామూలుగా ఏదో ఒక టోర్నీ గెలిస్తే చేతికొచ్చేది కాదు. రేటింగ్ 2500 తాకాలి, దానికి తోడు నార్మ్‌లు సాధించాలి. సాధారణంగా తొమ్మిది గేముల టోర్నీలో, ప్రత్యర్థుల్లో కనీసం మూడోవంతు మంది గ్రాండ్‌మాస్టర్లు ఉండగా, 2600 రేటింగ్‌కు సరితూగే ఆట ఆడితే ఒక నార్మ్ లభిస్తుంది. మొత్తం 27 గేములకు సరిపడా నార్మ్‌లు కూడాలి కాబట్టి మామూలుగా మూడు అవసరమవుతాయి. ఒక్క టోర్నీలో మెరిసి మాయమయ్యేవారిని ఈ నిబంధన వడగట్టేస్తుంది. హారిక 2011లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన మహిళల గ్రాండ్‌ప్రిలో చివరి నార్మ్ పూర్తిచేసింది. అదే ఏడాది ఇరాన్‌లోని మషాద్‌లో ఆసియా మహిళల టైటిల్ కూడా గెలిచింది. ఆ ఏడాది ఆసియా ఓపెన్ టైటిల్ కూడా గుంటూరు ఆటగాడికే, పెంటేల హరికృష్ణకే దక్కింది.

ఆ దశాబ్దంలో మహిళల ప్రపంచ టైటిల్‌ను రెండు పద్ధతుల్లో తేల్చేవారు. ఒకటి ఇద్దరి మధ్య మ్యాచ్, రెండోది 64 మంది తలపడే నాకౌట్. 2002లో విశ్వనాథన్ ఆనంద్ విజేతగా నిలిచిన ప్రపంచ కప్ హైదరాబాద్‌లోనే జరిగింది. గ్రూప్ దశ ముగిశాక ఆ పోటీ కూడా నాకౌట్‌గానే సాగింది కనుక ఈ నగరానికి ఆ పద్ధతి కొత్త కాదు. నాకౌట్‌లో ఫైనల్ మినహా ఒక్కో రౌండ్‌కు రెండు క్లాసికల్ గేములుంటాయి, తెల్లపావులతో ఒకటి, నల్లపావులతో ఒకటి. 1-1తో సమమైతే మర్నాడు టైబ్రేక్. ముందు ఒక్కొక్కరికి 25 నిమిషాల గేములు రెండు, అప్పటికీ తేలకపోతే 10 నిమిషాలవి రెండు, ఆపైన 5 నిమిషాలవి రెండు. వీటన్నింటిలోనూ ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు అదనంగా కలుస్తాయి. ఇంతదాకా వచ్చినా ఫలితం రాకపోతే చివరిది ఆర్మగెడాన్. అందులో తెల్లపావులకు ఐదు నిమిషాలు, నల్లపావులకు నాలుగే. అయితే గేమ్ డ్రా అయితే నల్లపావుల వారే గెలిచినట్టు. తెల్లపావుల వారికి నిమిషం ఎక్కువ ఉన్నా గెలిచి తీరాలి. నల్లపావుల వారికి వ్యవధి తక్కువైనా ఓడకుంటే చాలు.

లీగ్ పద్ధతిలో ఒక ఓటమిని తర్వాతి రౌండ్లలో పూడ్చుకోవచ్చు. రెండే గేముల రౌండ్‌లో మొదటిది చేజారితే రెండోది గెలవక తప్పదు. అందుకే నాకౌట్‌లో దూకుడు కన్నా కుదురుకు, గడియారం కింద చెదరని మనసుకు గిరాకీ ఎక్కువ. ఇలాంటి పోటీల్లో వరుసగా మూడుసార్లు, 2012లో ఖాంటీ-మాన్సిస్క్‌లో, 2015లో సోచిలో, 2017లో టెహ్రాన్‌లో, హారిక సెమీఫైనల్ చేరింది. మొదటిసారి మాజీ ప్రపంచ చాంపియన్ ఆంటోనెటా స్టెఫనోవా చేతిలో, రెండోసారి మరియా ముజిచుక్ చేతిలో ఓడింది. టెహ్రాన్‌లో టాన్ ఝోంగ్యీతో పోరు ఆర్మగెడాన్ దాకా వెళ్లి చేజారింది. ముజిచుక్, టాన్ ఇద్దరూ ఆ తర్వాత ఫైనల్ గెలిచి ప్రపంచ చాంపియన్లయ్యారు. లీగ్ పద్ధతిలోనూ ఆమె వెనకబడలేదనడానికి 2016 చెంగ్దూ గ్రాండ్‌ప్రి విజయం సాక్ష్యం. ఆ ఏడాదే రేటింగ్ 2543కి చేరింది, ఆమె కెరీర్‌లో అదే గరిష్ఠం.

హారిక డ్రాలు ఎక్కువ చేస్తుందన్న విమర్శ ఉంది. నిజానికి ఇబ్బందికర స్థితి నుంచి డ్రా రాబట్టడం చదరంగంలో ఒక ప్రత్యేక విద్య. ఏనుగుల ముగింపు ఆటను ఉదాహరణగా తీసుకోవచ్చు. ప్రత్యర్థికి ఒక ఏనుగు, ఒక బంటు ఉన్నాయి. కాపాడుకునేవారికి ఏనుగు మాత్రమే ఉంది. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ దీనికి దారి చూపాడు. రాజును బంటుకు ఎదురుగా నిలపాలి. ఏనుగును తన వైపు నుంచి మూడో వరుసలో అడ్డంగా ఉంచాలి. అప్పుడు ప్రత్యర్థి రాజు ఆ వరుస దాటి ముందుకు రాలేడు. దారి కోసం బంటును మూడో వరుసలోకి తోస్తే, ఆ రాజుకు తలదాచుకునే చోటు పోతుంది. ఆ క్షణంలో ఏనుగును బోర్డు అవతలి కొసకు పంపి వెనక నుంచి వరుసగా చెక్ ఇస్తే డ్రా ఖాయం. ఏనుగును ఒక్క ఎత్తు ముందు కదిపినా, తర్వాత కదిపినా గేమ్ పోవచ్చు. సెకన్లు కరిగిపోతుంటే ఇలాంటి స్థితులను పొరపడకుండా నెట్టుకురావడం నాకౌట్‌లో రౌండ్‌కు రౌండ్ నిలబెడుతుంది.

జట్టు పోటీలో ఈ విద్యకు విలువ ఇంకా ఎక్కువ. ఒలింపియాడ్ మ్యాచ్‌లో నాలుగు బోర్డులుంటాయి. రెండున్నర పాయింట్లు తెచ్చుకున్న జట్టుదే గెలుపు. పై బోర్డుల్లో ఆడేవారికి ప్రతిరోజూ ఎదుటి జట్టులోని మేటి క్రీడాకారిణులే ఎదురవుతారు. వాళ్లను అక్కడ నిలువరిస్తే కింది బోర్డుల వారు గెలుపు కోసం ధైర్యంగా ఆడగలరు. 2022లో మామల్లపురం ఒలింపియాడ్‌కు హారిక నిండు గర్భిణిగా వచ్చింది. అక్కడ భారత మహిళల జట్టు కాంస్యం గెలిచింది, ఒలింపియాడ్‌లో ఆ జట్టుకు అదే తొలి పతకం. అదే ఏడాది హారికకు కూతురు పుట్టింది. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో హారిక మొదటి బోర్డు బాధ్యత తీసుకుంది. వైశాలి, దివ్యా దేశ్‌ముఖ్, వంతికా అగర్వాల్, తానియా సచ్‌దేవ్ మిగతా సభ్యులు. చివరి రౌండ్‌లో అజర్‌బైజాన్‌పై 3.5-0.5తో నెగ్గి భారత మహిళలు తొలిసారి స్వర్ణం అందుకున్నారు. ఆ మ్యాచ్‌లో హారిక గునాయ్ మమద్‌జాదాను ఓడించింది. కాల్వియాలో మొదలైన ఒలింపియాడ్ ప్రయాణంలో స్వర్ణానికి 20 ఏళ్లు పట్టింది.

2019లో కేంద్ర ప్రభుత్వం హారికకు పద్మశ్రీ ప్రకటించింది. ప్రపంచ కిరీటం మాత్రం అందలేదు. 2025లో జార్జియాలోని బటూమీలో జరిగిన మహిళల ప్రపంచ కప్ క్వార్టర్‌ఫైనల్లో ఆమెను టైబ్రేక్‌లో ఓడించింది దివ్యా దేశ్‌ముఖే. దివ్య ఆ కప్పు గెలిచి, హంపి, హారిక, వైశాలి తర్వాత గ్రాండ్‌మాస్టర్ అయిన నాలుగో భారతీయ మహిళగా నిలిచింది.