జూడిత్ నిశానీ

రాయాలనుకుని రాయలేకపోయిన స్త్రీ గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా మన వ్యాసాల్లోకి జూడిత్ వచ్చి నిలబడుతుంది. వర్జీనియా వుల్ఫ్ 1929లో 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో షేక్‌స్పియర్‌కి ఊహించి ఇచ్చిన చెల్లెలు ఆమె. అన్నకున్నంత ప్రతిభ ఉండీ, చదువు దక్కక, నాటకశాల తలుపు తెరుచుకోక, కడుపుతో ఉండగా ప్రాణం తీసుకున్న అమ్మాయి. ఆమె కథ మనకి కంఠతా వచ్చు. ఆమె పేరు గురించి మాత్రం పెద్దగా ఆలోచించినట్టు లేదు. షేక్‌స్పియర్‌కి నిజంగా ఉన్న, పెద్దయి పెళ్లయి బతికిన చెల్లెలి పేరు జోన్. జూడిత్ ఆయన కూతురి పేరు. ఆ పేరు ఎక్కడ బయల్దేరి, ఎన్ని భాషలు దాటి ఆ కూతురి దాకా వచ్చిందో వెతుక్కుంటూ పోతే నాకు ఒక్క సంగతి పదే పదే కనిపించింది. జూడిత్ కత్తిని అందరూ గుర్తుపెట్టుకున్నారు. ఆమె మాటని ఒక్కొక్కరుగా తీసేశారు.

హీబ్రూలో ఆ పేరు యెహూదిత్. యూదా దేశపు స్త్రీ, యూదు స్త్రీ అని అర్థం. ఆ పేరుని ప్రసిద్ధం చేసిన గ్రంథం మాత్రం హీబ్రూ బైబిల్లో లేదు, గ్రీకులో మిగిలింది. కథోలిక బైబిల్లో ఉంటుంది, ప్రొటెస్టెంట్లు పక్కన పెట్టారు. శత్రు సేనాని హోలోఫెర్నెస్ తల నరికి తన ఊరిని కాపాడుకున్న వితంతువు కథ అది. అందులో కత్తి పని రెండు దెబ్బలే. అంతకు ముందూ ఆ తర్వాతా ఉన్నది మాట. అయిదు రోజుల్లో దేవుడు ఆదుకోకపోతే లొంగిపోతామని ఊరి పెద్దలు మాటిస్తే, యూదితు వాళ్లని పిలిపించి నిలదీస్తుంది. దేవుడికి గడువు పెట్టే అధికారం మీకెవరిచ్చారంటుంది. శత్రువు శిబిరంలో తెలివిగా మాట్లాడి నెగ్గుకొస్తుంది. గెలిచాక పాట పాడుతుంది, జనం ఆమె వెంట పాడతారు. మళ్లీ పెళ్లి చేసుకోకుండా, తన దాసికి స్వేచ్ఛ ఇచ్చి, నూట అయిదేళ్లు బతికి పోతుంది. పెద్దల్ని ప్రశ్నించి, మగతోడు లేకుండా, శిక్ష పడకుండా ముసలిదైన నాయిక. పాత గ్రంథాల్లో ఇలాంటి ముగింపు ఎంతమందికి దక్కింది?

ఈ ముగింపుని యూరప్ సాహిత్యం ఎక్కువ కాలం భరించలేకపోయింది. క్రొయేషియన్‌లో మార్కో మరూలిచ్ 1501లో 'యుదిత' కావ్యం రాశాడు, అది 1521లో అచ్చయింది. ఒట్టోమన్ల దాడుల భయంలో ఉన్న ప్రజలకి ఆమె ధైర్యం చెప్పే ప్రతీక అయింది. ప్రతీకగా ఉన్నంతసేపు గౌరవం దక్కింది. మనిషిగా చూడబోయేసరికి అనుమానం మొదలైంది. జర్మన్‌లో ఫ్రెడరిక్ హెబ్బెల్ 1840 నాటి 'యూదిత్' నాటకంలో ఆమెకి హోలోఫెర్నెస్ మీద ఆకర్షణ అంటగట్టాడు. ఆమె ఊరి కోసం కాక, తన శరీరానికి జరిగిన అవమానానికి బదులుగా చంపినట్టు మార్చాడు. మూలంలో హోలోఫెర్నెస్ ఆమెని తాకనే లేదు. 1918లో ఫ్రాయిడ్ కన్యత్వం గురించి రాస్తూ మూల గ్రంథాన్ని కాక ఈ నాటకాన్నే తన వాదానికి ఆధారం చేసుకున్నాడు. 1901లో క్లిమ్ట్ వియన్నాలో వేసిన చిత్రం చట్రం మీద ఆమె పేరు చెక్కి ఉన్నా, చాలామంది దాన్ని సలోమే అనే పిలిచారు. ఊరిని కాపాడిన స్త్రీకీ, ప్రవక్త తల అడిగిన అమ్మాయికీ తేడా వాళ్లకి అక్కర్లేకపోయింది. హంగేరియన్‌లో బార్టోక్ ఒపేరా 'బ్లూబియర్డ్ కోట'లో యుదిత్ భర్త కోటలో మూసి ఉన్న తలుపులు ఒక్కొక్కటీ తెరిపిస్తుంది. ఏడో తలుపు వెనక పాత భార్యల పక్కన తనూ మౌనంగా చేరిపోతుంది. ఇంగ్లండ్‌ వీధి తోలుబొమ్మలాటలో అదే పేరు ముద్దుగా జూడీ అయి, మొగుడు పంచ్ చేతి కర్రదెబ్బలు తినే పెళ్లాం అయింది. సేనాని తల నరికిన పేరుకి ఇంతకన్నా పతనం ఏముంటుంది?

ఇటాలియన్‌లో జుదిత్తా. ఆమెని మనిషిగా చూసినవాళ్లలో ఆర్తెమీసియా జెంటిలెస్కీ ఒకతె. కరవాజ్జో చిత్రంలో దాసి గుడ్డ పట్టుకుని పక్కన చూస్తూ నిలబడిన ముసలిది. ఆర్తెమీసియా చిత్రంలో దాసి వయసులో ఉన్న మనిషి, తన బలమంతా పెట్టి హోలోఫెర్నెస్‌ని అదిమి పడుతుంది. ఆ పని ఇద్దరు స్త్రీలది. ఆ దాసికి గ్రంథంలో పేరు లేదు. గ్రీకులో దాసి అనే అర్థమిచ్చే మాటే లాటిన్ మీదుగా 'అబ్రా' అయి, చివరికి ఆమె పేరుగా చలామణీ అయింది. చాకిరీయే పేరైపోవడం మనకి కొత్త సంగతి కాదు. తన మీద జరిగిన అత్యాచారం గురించి 1612లో రోమ్ కోర్టులో, వేళ్లకి తాళ్లు బిగిస్తుండగా కూడా సాక్ష్యం మార్చని ఆర్తెమీసియా, అప్పటికి తనకి రాయడం రాదని అదే కోర్టులో చెప్పింది.

ఇప్పుడు స్ట్రాట్‌ఫర్డ్‌కి వద్దాం. జూడిత్ షేక్‌స్పియర్ 1585లో, హామ్నెట్‌తో కవలగా పుట్టింది. తమ్ముడో అన్నో, ఆ పిల్లవాడు 1596లో పోయాడు. 1611లో ఒక దస్తావేజుకి సాక్షిగా ఆమె సంతకం చేయలేదు, నిశానీ పెట్టింది. ఆంగ్ల భాషకే ఆభరణమని చెప్పుకునే కవి కూతురు! 1616లో థామస్ క్వైనీని పెళ్లి చేసుకుంది. ముగ్గురు కొడుకులూ ఆమె కళ్లముందే పోయారు. 1662లో, 77 ఏళ్ల వయసులో ఆమె పోయింది. ఆ రోజుల్లో ఊరి పాస్టర్ జాన్ వార్డ్ ఆమెని కలవాలని తన పుస్తకంలో రాసుకున్నాడు. వాళ్లు మాట్లాడుకున్నట్టు ఏ దాఖలా లేదు. పండితులు ఇప్పటికీ అయ్యో అంటారు, తండ్రి గురించి ఎన్ని సంగతులు తెలిసేవో అని. ఆమె గురించి ఏం తెలిసేదో అని అనుకున్నవాళ్లు తక్కువ.

వుల్ఫ్ వాదాన్ని నేను కాదనడం లేదు. గదీ, డబ్బూ లేని ప్రతిభ ఏమవుతుందో అంత బలంగా చెప్పినవాళ్లు అరుదు. కానీ ఊహలో పుట్టిన జూడిత్‌కి ప్రతిభ ఉంది కాబట్టే ఆమె చావు మనల్ని కదిలిస్తోంది. నిజంగా బతికిన జూడిత్‌కి ప్రతిభ ఉందో లేదో చెప్పే కాగితం ముక్క లేదు. ఉన్నది ఒక నిశానీ. ప్రతిభ ఉన్న స్త్రీకి జరిగిన అన్యాయం మాత్రమే అన్యాయం అనుకుంటే మన విమర్శ కూడా పెద్దమనుషుల పంచాయితీ అయిపోతుంది. మన స్త్రీల పాటలు పాడిన ఎందరో అక్షరం రాని తల్లుల పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. కవయిత్రి కాగలిగి ఉండేదా అని పరీక్ష పెట్టకుండానే వాళ్ల బతుకుని చదవగలగాలి. యూదితు తన దాసికి స్వేచ్ఛ ఇచ్చింది, నిజమే. ఆ దాసి అసలు పేరు ఏమిటని అడగడం మాత్రం ఆ గ్రంథం మనకి వదిలేసిన పని.