ఘర్షణకు కారణము శూన్యమా, లోహమా?

శాస్త్రవిషయమునకు ఆకర్షణీయమైన పేరు పెట్టుట దోషము కాదు; ఆ పేరే వివరణ యని పాఠకుడు భ్రమపడినప్పుడే చిక్కు. 1997లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ పెండ్రీ ప్రకటించిన వ్యాసమునకు ‘శూన్యమును కోయుట - క్వాంటం ఘర్షణ’ అని అర్థమిచ్చు పేరున్నది. ఒకదానినొకటి తాకక సమాంతరముగా జారు రెండు నునుపైన పలకల మధ్య, పరమశూన్య ఉష్ణోగ్రత వద్ద కూడ ఘర్షణ ఉండునని అందలి వాదము. వాదము గట్టిది. పేరు మాత్రము ‘శూన్యమే అడ్డుపడును’ అను అపోహకు తావిచ్చుచున్నది.

ఈ మాట నిలువదు. అమీరుపేట నుండి పంజగుట్టకు కుదుపు లేక సమవేగముతో పోవు మెట్రో పెట్టెలో, బయటికి చూడక కూర్చున్నవాడు ఏ ప్రయోగము చేసినను తాను కదలుచున్నట్లు కనుగొనలేడు. శూన్యములో ఒంటరిగా పోవు పరమాణువు గతియు అంతే. కదలిక దేనినిబట్టి? పక్కనున్న లోహమునుబట్టి.

పరమాణువులోని ఎలక్ట్రానుల ఒడిదుడుకుల వలన క్షణక్షణము చిన్న విద్యుత్ ద్విధ్రువము పుట్టుచుండును. దగ్గరి లోహములో దానికి ప్రతిబింబముగా ఆవేశములు కదలును. లోహమునకు నిరోధమున్నందున ఆ ప్రతిబింబము పరమాణువుతో సమముగా పరుగెత్తలేక వెనుకబడును. వెనుకబడినది వెనుకకే లాగును. పరమాణువు కోల్పోయిన శక్తి లోహములో వేడిగా మారును. రాగి గొట్టములో జారవిడిచిన అయస్కాంతము నెమ్మదించుట దీనికి దగ్గరి చుట్టము. నిరోధమే లేని ఆదర్శ వాహకము పక్కన, 1948లో కాసిమిర్, పోల్డర్ చెప్పిన ఆకర్షణ మిగులును. ఈ ఘర్షణ మిగులదు. శూన్యమొక్కటే కారణమైనచో ఇట్లు జరుగునా?

పండితులలోను ఏకాభిప్రాయము తేలికగా కుదరలేదు. సమవేగముతో జారు పలకల మధ్య ఘర్షణయే లేదని 2009లో ఫిల్బిన్, లియొన్‌హార్ట్ వాదించిరి. 2010లో పెండ్రీ బదులిచ్చెను. పరమాణువు విషయమున, లెక్కలో చేయు సరళీకరణలనుబట్టి ఫలితమే మారుచు వచ్చినది. 2014లో ఇంత్రవాయా, బెహూనిన్, దాల్విట్ ఆ సరళీకరణల లోపమును ఎత్తిచూపి, తక్కువ వేగములలో ఈ బలము వేగపు ఘనమునకు అనులోమముగను, దూరపు పదవ ఘాతమునకు విలోమముగను ఉండునని చూపిరి. వేగము రెట్టింపైన బలము 8 రెట్లు. దూరము రెట్టింపైన 1024వ వంతు. ఇంత సన్నని బలమును ప్రయోగములో నిస్సందేహముగా పట్టుట నేటికిని సాధ్యపడలేదు. జనరంజక రచనలు ఈ సంగతి దాచరాదు.

ఈ విషయము మన ఊరికి పూర్తిగా పరాయిది కాదు. వాహకముల సన్నిధిలో క్షేత్రపు ఒడిదుడుకులను ఆ పదార్థపు ప్రతిస్పందనతో ముడివేయు వ్యాసములను 1975లో ప్రకటించిన జి. ఎస్. అగర్వాల్ గారు, తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఆచార్యులుగా పనిచేసిరి.

శిక్షణాలయములకు పేరుపడిన అమీరుపేటలో ఘర్షణ యనగా అభిలంబ బలమును గుణకముతో హెచ్చవేయుట యని కంఠస్థము చేసిన విద్యార్థికి, అభిలంబ బలము లేని ఘర్షణ వింతగా తోచును. ఆ వింతను ‘శూన్యపు మహిమ’ యని ముగించుట సులభము. ఉపాధ్యాయుడు మరొక్క ప్రశ్న వేయవలెను: పోయిన శక్తి ఎక్కడికి చేరినది? ఆ ప్రశ్న అలవాటైన విద్యార్థిని, శూన్యము నుండి ఉచితముగా శక్తి పిండుదుమని చెప్పువారు మోసగింపలేరు.