మ్యాగీ నిద్ర, జెన్నీ కోడిపిల్లలు

నేను మొదట విన్నది మ్యాగీని. కెనడాలోని కేప్ బ్రెటన్ ద్వీపానికి చెందిన యాష్లీ మెక్‌ఐజాక్ అనే ఫిడేలు కళాకారుడి ఆల్బమ్ 1995లో వచ్చింది. అందులో ‘స్లీపీ మ్యాగీ’ అన్న పాట ఉంది. డ్రమ్ములూ ఫిడేలూ హోరెత్తుతుంటే మధ్యలో మేరీ జేన్ లామండ్ గేలిక్ భాషలో పాడుతుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాను. చాలా ఏళ్ల తర్వాత, ఐర్లండ్ నుంచి వలస వెళ్లిన మైకేల్ కోల్మన్ అనే ఫిడేలు విద్వాంసుడు 1934లో అమెరికాలో ఇచ్చిన రికార్డు ఒకటి వింటున్నాను. మొదటి బాణీ అయిపోయి రెండోది ఎత్తుకోగానే చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఇది మ్యాగీ కదా! పేరు మాత్రం ‘జెన్నీస్ చికెన్స్’ అని ఉంది. జెన్నీ కోడిపిల్లలు.

అప్పటికే మా అత్తయ్య పాడిన దంపుళ్ల పాటలు నేను అచ్చు వేయించి, ఆ పని గురించి లోపల్లోపల నలుగుతున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ఈ బాణీ వెంట పడటానికి అసలు కారణం మాత్రం అదే.

రీల్ అంటే వేగంగా నడిచే నాట్య బాణీ. స్కాట్లండ్‌లోనూ ఐర్లండ్‌లోనూ ఊరూరా వాయిస్తారు. సాధారణంగా రెండు భాగాలు. ఒక్కో భాగాన్నీ తిప్పి వాయించి, మొత్తాన్ని మళ్లీ మొదటికి తెస్తారు. ఈ రీల్‌లో చిత్రమేమిటంటే ఆధార స్వరం ఒక మెట్టు కిందికి దిగి మళ్లీ పైకెక్కుతూ ఉంటుంది. ఊయల మీద కూర్చున్నట్టు ఉంటుంది వినేవాళ్లకి. మెక్‌ఐజాక్ హోరులో కూడా నేను గుర్తుపట్టింది ఆ ఊపునే.

కాగితం మీద వెనక్కి వెళితే 1734 దగ్గర తేలాను. డేవిడ్ యంగ్ అనే ఆయన స్కాట్లండ్‌లో పెర్త్ డ్యూక్ కోసం నాట్య బాణీల రాతప్రతి ఒకటి తయారుచేశాడు. ఆయన వృత్తి దస్తూరీ నేర్పడం. ‘స్లీపీ మ్యాగీ’ అందులో ఉంది. చక్కని అక్షరాలు వచ్చిన మగవాడు ఒకడు, పుస్తకం చేయించుకోగల ప్రభువు ఒకడు. మన చరిత్ర వీళ్లిద్దరూ కలిసిన చోట మొదలవుతుంది. మ్యాగీ ఎవరో, ఎందుకు నిద్రపోతోందో అక్కడ లేదు. పగలంతా చాకిరీ చేసిన మనిషికి నిద్ర రాక ఏం చేస్తుంది అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. అది విమర్శ కాదు, తెలుసు.

బాణీ సముద్రం దాటి ఐర్లండ్ చేరాక పేరు మారింది. కోల్మన్ రికార్డులో దీనికి ముందు వచ్చే ‘బానీ కేట్’దీ అదే కథ. అది 18వ శతాబ్దంలో డేనియల్ డౌ అనే స్కాట్ కట్టినది. అప్పటి పేరు ‘ఫిషర్‌రో అందగత్తె’. ఫిషర్‌రో ఎడిన్‌బరో దగ్గరి జాలరిపేట. అక్కడి ఆడవాళ్లు చేపల బుట్టలు వీపున మోసుకుంటూ నగరానికి నడిచేవాళ్లు. దారిలో ఆ ఊరు రాలిపోయింది, బుట్టా రాలిపోయింది, ‘అందమైన కేట్’ మిగిలింది. రీళ్ల పేర్ల జాబితా చదివితే మ్యాగీలు, జెన్నీలు, కేట్లు, ఎవరో మిస్సులు, మిసెస్సులు కిటకిటలాడుతుంటారు. ఇంతమంది స్త్రీలు శీర్షికల్లో ఉన్న సంగీతంలో, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న చోటికి వచ్చేసరికి మగవాళ్ల పేర్లే ఎదురవుతాయి.

1903లో షికాగో నుంచి 1850 బాణీలతో ‘మ్యూజిక్ ఆఫ్ ఐర్లండ్’ వచ్చింది. కూర్చినవాడు ఫ్రాన్సిస్ ఓనీల్, ఆ నగర పోలీసు అధిపతి. కార్క్ జిల్లాలోని ట్రాలిబేన్ ఆయన సొంతూరు. ఆయనకు స్వరాలు రాయడం రాదు. జ్ఞాపకం ఉన్నవి వినిపిస్తుంటే జేమ్స్ ఓనీల్ అనే సహచరుడు రాసుకునేవాడు. జెన్నీ కోడిపిల్లలు ఐర్లండ్ అచ్చు సంపదలో కుదురుకున్నది ఈ ఓనీల్ సంకలనాలతోనే. ఆయన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. చాలా బాణీల మీద ఇచ్చినవారి పేరు వేశాడు, అది ఆ రోజుల్లో పెద్ద మాట. డబ్లిన్ వీధుల్లో ఫిడేలు వాయించిన బ్రిజెట్ కెనీ గురించి 1913 నాటి తన పుస్తకంలో గౌరవంగా రాశాడు. కానీ తన జ్ఞాపకంలోంచి ఇచ్చిన బాణీల మీద ఆయన పేరే ఉంటుంది. ఆ జ్ఞాపకంలో వాళ్లమ్మ ఉంది. ఆమె పుట్టింట తిరుగు కళాకారులకు ఎప్పుడూ తలుపు తెరిచే ఉండేదనీ, అక్కడ విన్నవి ఆమెకు వచ్చనీ ఓనీలే చెప్పాడు. ఆమె నోటి నుంచి కొడుకు చెవికి, కొడుకు నోటి నుంచి జేమ్స్ కలానికి. అచ్చులో చివరి రెండు మజిలీలే కనిపిస్తాయి.

కోల్మన్ స్లైగో జిల్లా మనిషి. 1914లో అమెరికా వెళ్లాడు. ఆయన 78 ఆర్‌పీఎం రికార్డులు ఓడలెక్కి ఐర్లండ్ చేరి, ఇతర జిల్లాల వాళ్లు కూడా ఆయనలా వాయించడం మొదలుపెట్టారు. ఎన్నో ఊళ్ల సొంత నడకలు వెనకబడ్డాయి. అందులో తమాషా ఏమిటంటే, కోల్మన్ తానే ఏ భాగాన్నీ రెండుసార్లు ఒకేలా వాయించడు. తిప్పిన ప్రతిసారీ ఏదో కలుపుతాడు, ఏదో వదిలేస్తాడు. ఆ రికార్డు ఒకానొక రోజున మూడు నిమిషాల్లో ఆయన చేసినది. వినేవాళ్లు దాన్ని చట్టం చేసుకున్నారు.

ఆ చట్టానికి లోబడని చోట్లు వంటిళ్లు. పశ్చిమ క్లేర్ జిల్లాలో కాన్సర్టీనా అనే చిన్న తిత్తి వాద్యాన్ని ఆడవాళ్లు ఎంతగా వాయించేవారంటే దాన్ని ఆడ అకార్డియన్ అని ఐరిష్ భాషలో పిలిచేవాళ్లు. కిల్‌రష్ ఊళ్లో పబ్బు నడిపిన ఎలిజబెత్ క్రాటీ 1885లో పుట్టింది. జీవితమంతా వాయించింది. రేడియో కోసం ఆమె వాద్యాన్ని రికార్డు చేసింది 1950లలో, కియరన్ మక్‌మహూనా. అంటే డెబ్బయ్యో పడి దగ్గరపడ్డాక! 1960లో ఆమె పోయింది. ఆమె వాద్యంతో సీడీ 1999లో గాని రాలేదు. లోకం ఇప్పటికీ ఆమెను మిసెస్ క్రాటీ అనే పిలుస్తుంది. కోల్మన్‌ని ఎవరూ మిస్టర్ కోల్మన్ అనరు.

ఇక్కడిదాకా వచ్చి, రాయడమే తప్పు, కలం పట్టినవాడే దొంగ అని తీర్మానించబోయాను. అడ్డుపడింది మదనపల్లె. మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్‌లోని బాయిల్ పట్టణంలో పుట్టింది. సంగీతంలో పట్టభద్రురాలు. 1908లో ఐరిష్ మహిళల ఓటుహక్కు సంఘం స్థాపకుల్లో ఒకరు. 1915లో మన దేశం వచ్చింది. 1919 ఫిబ్రవరిలో టాగోర్ మదనపల్లె కళాశాలకు వచ్చి ‘జనగణమన’ పాడినప్పుడు దానికి పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు రాసుకున్నది ఆమే. పాడినది పురుషుడు, రాసినది స్త్రీ. మరి రాతలోకి దిగాక గాయకుడి పేరు మాసిపోయిందా? లేదే! ఎంతోమందికి తెలియనిది రాసినామె పేరే. కాబట్టి తప్పు కలానిది కాదు. పాడేవాళ్లలో ఎవరి పేరు అడగాలనిపిస్తుంది, ఎవరిది అడగాలని తోచదు అన్నదే ప్రశ్న.

ఇప్పుడు నా పుస్తకం. మా అత్తయ్య దంపుళ్ల పాట ఒక్కోదాన్ని నాలుగైదు సార్లు పాడించుకుని టేపు చేశాను. ఏ రెండుసార్లూ చరణాలు ఒకేలా రాలేదు. ఒకసారి ఆడపడుచు వచ్చేది, ఒకసారి బావగారు, ఒకసారి అప్పుడే వాకిట్లోకొచ్చిన పాలమనిషి. నేను వాటిలోంచి ‘బాగున్న’వి ఏరి, అతికి, ఒక శుద్ధప్రతి తయారుచేశాను. అత్తయ్య పేరు కృతజ్ఞతల పేజీలో వేశాను. అట్ట మీద నా పేరు. పుస్తకం చదివి వినిపిస్తే ఆవిడ చాలాసేపు ఊరుకుని, “బాగానే ఉందే అమ్మాయ్. కానీ ఇట్లా నేనెప్పుడూ పాళ్లేదే” అంది. కోపంగా కాదు. చెరిగిన చేట పక్కన పెట్టినంత మామూలుగా అంది.

ఆ మాట తర్వాతే నేను జెన్నీనీ మ్యాగీనీ పక్కపక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నాను. రెండూ ఒకే బాణీ అని కనిపెట్టి సంబరపడ్డ నేను, ఈసారి రెండూ ఎక్కడెక్కడ విడిపోతాయో గుర్తులు పెట్టుకున్నాను. మేరీ జేన్ పాడుతున్నప్పుడు ఫిడేలు కాస్త ఆగి, ఆమె మాట పూర్తయ్యాక అందుకునే చోట్లు ఉన్నాయి. క్యాసెట్ రోజుల్లో అవి నాకు వినబడనేలేదు.

టేపులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. రెండో ముద్రణ అడుగుతున్నారు. ఈసారి నాలుగు పాఠాలూ, పాలమనిషితో సహా, అత్తయ్య పేరు అట్ట మీద వేసి ఇస్తానన్నాను. అంత కాగితం అనవసరం, ఏదో ఒకటి తేల్చండి అంటున్నారు ప్రచురణకర్త. ఇంకా తేల్చలేదు.